జిస్ట్ అని తేలిన ఇంట్లో: అరుదైన క్యాన్సర్ చికిత్సకు తోడు కూడగట్టుకోవడం ఎలా?

రొమ్ము క్యాన్సర్ అంటేనో, నోటి క్యాన్సర్ అంటేనో వీధికి ఒకరైనా తెలిసినవాళ్లు ఉంటారు. ఏ ఆసుపత్రి మంచిది, ఎంతవుతుంది, జుట్టు ఎప్పుడు ఊడుతుంది, మళ్లీ ఎప్పుడు మొలుస్తుంది అన్నీ వాళ్లే చెప్పేస్తారు. రిపోర్టులో జిస్ట్ అని వచ్చినవాళ్లకి ఆ వసతి లేదు. దీని పూర్తి పేరు గ్యాస్ట్రో ఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. పది లక్షల జనాభాలో ఏడాదికి పది పదిహేను మందికి వస్తుందని అంచనా. ఊళ్లో డాక్టరుగారు తన సర్వీసు మొత్తంలో ఒకటో రెండో చూసి ఉంటే గొప్పే.

జీర్ణాశయం, పేగుల గోడల్లో కాజల్ కణాలని ఉంటాయి. పేగు కదలికను నడిపేవి అవే. ఈ గడ్డ ఆ కోవకు చెందిన కణాల్లో పుడుతుంది. సగానికి పైగా జీర్ణాశయంలో, మిగిలినవాటిలో ఎక్కువ చిన్నపేగులో కనిపిస్తాయి. రక్తం తగ్గిపోయిందనో, మలం నల్లగా వస్తోందనో వెళ్తే బయటపడుతుంది. వేరే దేనికో తీసిన స్కానులో అనుకోకుండా దొరికేవీ ఉన్నాయి.

దీనికి మంచి మందు ఉంది. కాకపోతే ఆ మందును చాలామంది ఏళ్ల తరబడి రోజూ వేసుకోవాలి. మన ఇళ్లలో చిక్కు అక్కడే వస్తుంది. జబ్బు తెలిసిన మొదటి పదిహేను రోజులూ హాలు నిండా చుట్టాలే, పళ్ల సంచులే. ఆరో నెలకి స్కానుకి తోడు వచ్చేవాళ్లు దొరకరు. ఆ మొదటి పదిహేను రోజుల జనాన్ని మూడో ఏటికి కూడా పనికొచ్చేలా ఎలా కుదుర్చుకోవాలన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్నది. మా చిన్నాన్న చికిత్సలో దగ్గరుండి చూసిన సంగతులూ ఇందులో ఉన్నాయి. మందుల విషయంలో ఆఖరి మాట మాత్రం మీ ఆంకాలజిస్టుదే, అంటే క్యాన్సర్ డాక్టరుదే.

1. ముందు జబ్బు పేరు ఖాయం చేసుకోండి

మొదటి బయాప్సీ రిపోర్టులో తరచుగా 'స్పిండిల్ సెల్ ట్యూమర్' అని మాత్రమే ఉంటుంది. అక్కడితో ఆగకూడదు. ఐహెచ్‌సీ అనే పరీక్షలో సీడీ117, డాగ్1 అనే గుర్తులు చూస్తారు. అవి పాజిటివ్ వస్తే జిస్ట్ అని దాదాపు ఖాయమైనట్టే.

ఆ తర్వాత చేయించాల్సింది మ్యుటేషన్ పరీక్ష, అంటే గడ్డలో ఏ జన్యువు ఎక్కడ మారిందో చూసేది. ఖర్చని చాలామంది దీన్ని వదిలేస్తారు. నన్నడిగితే మిగతా ఏ ఖర్చు తగ్గించుకున్నా ఇది వదలకూడదు. ఈ గడ్డల్లో ఎక్కువ వాటికి కిట్ అనే జన్యువులో వచ్చిన మార్పే మూలం. ఆ మార్పు జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో ఉంటే ఇమాటినిబ్ అనే మాత్ర రోజుకు 400 మిల్లీగ్రాములు బాగా పనిచేస్తుంది. ఎక్సాన్ 9లో ఉంటే డోసు 800 దాకా పెంచాలా అన్నది డాక్టర్లు ఆలోచిస్తారు. పీడీజీఎఫ్ఆర్ఏ అనే మరో జన్యువులో డీ842వీ అనే మార్పు ఉంటే ఆ మాత్ర పనిచేయదు, దానికి అవాప్రిటినిబ్ అనే వేరే మందు ఉంది. పరీక్ష మానేసి నెలల తరబడి పనిచేయని మాత్ర మింగడం కంటే పెద్ద ఖర్చు ఏముంటుంది?

ఈ పరీక్షకైనా, రెండో అభిప్రాయానికైనా బ్లాకు కావాలి. మైనంలో పొదిగిన కండ ముక్క అది, చిన్న ప్లాస్టిక్ చట్రంలో ఉంటుంది. బయాప్సీ చేసిన ల్యాబులోనే దాచి ఉంచుతారు. రోగి పేరుతో అర్జీ రాసిస్తే బ్లాకునీ స్లైడ్లనీ ఇస్తారు. తీసుకునేటప్పుడు చట్రం మీద గీసిన నంబరు, రిపోర్టులో ఉన్న బయాప్సీ నంబరు ఒకటేనా అని అక్కడే నిలబడి సరిచూసుకోండి. స్లైడ్లు గాజువి, పగలకుండా వాటి డబ్బాలోనే పెట్టాలి. ఎండాకాలం కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే బ్లాకులో మైనం మెత్తబడిపోతుంది. అందుకని చేతిసంచీలోనే ఉంచుకోండి. పని అయ్యాక బ్లాకు తిరిగి ఎవరి దగ్గరికి చేరిందో ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత మళ్లీ అవసరం పడొచ్చు.

2. ఈ గడ్డను చూసిన చేతులు వెతకండి

కంగారులో జరిగే పొరపాటు ఏమిటంటే, దగ్గర్లో ఉన్న సర్జన్ "రేపే తీసేద్దాం" అనగానే సరేననడం. చిన్న గడ్డకి ఆపరేషనే మొదటి మందు, అందులో అనుమానం లేదు. కానీ గడ్డ పెద్దదైనా, చోటు ఇరుకైనా ముందు కొన్ని నెలలు మాత్ర ఇచ్చి, కుంచించుకుపోయాక తీయడం ఉంది. పైగా ఈ గడ్డ పైపొర సున్నితం. ఆపరేషన్లో అది చిట్లితే జబ్బు మళ్లీ వచ్చే ముప్పు బాగా పెరుగుతుంది. అందుకే "మీరు జిస్ట్ ఆపరేషన్లు చేస్తుంటారా? మా కేసు ట్యూమర్ బోర్డులో పెడతారా?" అని అడగండి. వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి కూర్చుని కేసు చర్చించే సమావేశం అది. ఇలా అడిగితే మంచి సర్జన్ నొచ్చుకోరు.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మనకు అందుబాటులో ఉన్నవి. విశాఖ ఆసుపత్రి ముంబై టాటా మెమోరియల్ వాళ్లదే. ఆ టాటా మెమోరియల్, దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి అయిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం ముంబై వెళ్లకుండానే నవ్య అనే ఆన్‌లైన్ సేవ ద్వారా తీసుకోవచ్చు. రిపోర్టులు అప్‌లోడ్ చేస్తే రాతపూర్వకంగా జవాబు వస్తుంది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న కొడుకో కూతురో "నేనేం చేయలేకపోతున్నా" అని బాధపడుతుంటారు కదా, ఈ పని వాళ్లకి అప్పజెప్పండి. రిపోర్టులన్నీ స్కాన్ చేసి, తేదీల వారీగా పేర్లు పెట్టి, అప్‌లోడ్ చేసి, జవాబు చదివి వివరించడం ఎంత దూరం నుంచైనా చేయగలిగిన పనే.

చికిత్స కోసం రైల్లో వెళ్తే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత ఫారం ఉండాలి. డిశ్చార్జి రోజు హడావుడిలో అడగకుండా ముందే రాయించుకోండి.

3. పనులు పంచండి, పేర్లు పెట్టి పంచండి

"ఏమైనా కావాలంటే చెప్పండి" అని అందరూ అంటారు, మనసారానే అంటారు. మనం "అలాగే" అంటాం. ఎవరూ ఏమీ చేయరు, మనమూ అడగం. అందుకే అడగడానికి ముందు పనుల పట్టీ రాసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఫైలు మనిషి. అక్షరం పక్కన అక్షరం పెట్టి రాసే ఓపిక ఉన్నవాళ్లు కావాలి, వయసుతో నిమిత్తం లేదు. మా ఇంట్లో ఆ పని డిగ్రీ చదివే మేనకోడలు చేసింది. రిపోర్టులు తేదీ వరుసలో, పాత స్కాన్ల సీడీలు విడిగా కవర్లో, పైన ఒకే ఒక్క కాగితం: జబ్బు పేరు, గడ్డ ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, మ్యుటేషన్, ఆపరేషన్ తేదీ, మాత్ర మొదలుపెట్టిన తేదీ, డోసు, పడని మందులు. రాత్రి పన్నెండుకి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు జిస్ట్ అంటే ఏమిటని అడిగే అవకాశం ఉంది. అప్పుడా కాగితమే మాట్లాడుతుంది.

డాక్టరు గదిలోకి రోగితో పాటు వెళ్లే మనిషి ప్రతిసారీ ఒక్కరే అయితే మంచిది. ఒకసారి బావగారు, ఇంకోసారి చిన్నబ్బాయి వెళ్తే ముందు చెప్పింది వెనక్కి తెలియదు. ప్రశ్నలు ముందే మూడో నాలుగో రాసుకుని వెళ్లాలి. పదో ప్రశ్న వినే టైము ఓపీలో ఎవరికీ ఉండదు. డాక్టరుగారు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి, ఇంటికొచ్చాక రోగి కూడా నింపాదిగా వింటారు.

ఫోన్ మనిషి ఇంకొకరు ఉండాలి. రోగినే రోజుకి ఇరవైసార్లు "ఎలా ఉంది" అని అడిగితే జబ్బు కంటే ఆ జవాబులే అలసట తెప్పిస్తాయి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఇలాంటి మెసేజ్ ఒకటి పెట్టేయండి:

"అందరికీ నమస్కారం. నాన్నకి కడుపులో జిస్ట్ అనే గడ్డ ఉందని తేలింది. దీనికి మందు ఉంది, రోజూ మాత్ర వేసుకుంటున్నారు. ఇకమీదట సంగతులన్నీ ఆదివారం సాయంత్రం నేనే ఇక్కడ పెడతాను. నాన్నకి ఫోన్ చేస్తే మామూలు కబుర్లు చెప్పండి, ఆయనకి అదే ఇష్టం. వేరే వైద్యాల వీడియోలు దయచేసి పంపొద్దు. సాయం చేయాలనుంటే నాకు విడిగా ఫోన్ చేయండి, పని చెప్తాను."

మేనత్తకో పెదనాన్నకో కోపం రావచ్చు. రెండు వారాల్లో పోతుంది.

మిగతా పనులు చిన్నవే. నెలనెలా మాత్రలు తేవడం, రక్తపరీక్షకి తీసుకెళ్లడం, స్కాను రోజు పిల్లల్ని స్కూలు నుంచి తేవడం, ఆపరేషన్ అయిన వారంలో వంట. జీర్ణాశయంలో కొంత భాగం తీసేస్తే కొన్నాళ్లు కొద్దికొద్దిగా ఆరుసార్లు తినాల్సి వస్తుంది. అప్పుడు పొరుగింటి వదినగారు క్యారియర్ నిండా పులిహోర తెస్తే ప్రయోజనం లేదు. గిన్నెడు మెత్తటి పెరుగన్నం కావాలని నోరు తెరిచి చెప్పాలి. ప్రతి పనికీ పక్కన ఒక పేరు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నది రాయండి. మూడు నెలలకోసారి పేర్లు మార్చండి. అలసిపోయినవాళ్లు చెప్పకుండా జారుకునే కంటే, గడువు తీరి పక్కకి తప్పుకుంటేనే మళ్లీ వస్తారు.

రోగికి చెప్పాలా వద్దా అన్న చర్చ ప్రతి ఇంట్లోనూ వస్తుంది. "ఆయన తట్టుకోలేడు" అని ఆసుపత్రి వరండాలో గుసగుసలు నడుస్తాయి. ఈ జబ్బులో ఆ దాపరికం నిలవదు. మందు చీటీ మీద ఆంకాలజీ అని ఉంటుంది, మాత్ర పేరు ఫోన్లో కొడితే క్షణంలో తెలిసిపోతుంది. అదీగాక తెలియనివాళ్లు మాత్ర మానేస్తారు. "నీకెంతవరకు తెలియాలని ఉంది?" అని వాళ్లనే అడగండి. కొందరికి అన్నీ కావాలి, కొందరు "మీరు చూసుకోండి, నాకు మాత్ర ఇవ్వండి చాలు" అంటారు. రెండూ సరైనవే.

4. మాత్రతో కాపురం

"కీమో కాదుగా, మాత్రే కదా" అని చుట్టాలు తేలిగ్గా తీసుకుంటారు. రోజూ మింగేవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి.

ఇమాటినిబ్ ఖాళీ కడుపున వేసుకుంటే వికారం. కడుపునిండా తిన్నాక, పెద్ద గ్లాసు నిండా నీళ్లతో, రోజూ ఒకే వేళకి వేసుకోవాలి. చాలామందికి మధ్యాహ్నం భోజనం తర్వాతో రాత్రి భోజనం తర్వాతో కుదురుతుంది. రాత్రయితే వేసుకున్న వెంటనే పడుకోకూడదు. పొద్దున లేచేసరికి కళ్ల చుట్టూ ఉబ్బు సాధారణం, ఏడ్చిన ముఖంలా కనిపిస్తుంది. చూసినవాళ్లందరూ "రాత్రి నిద్రపోలేదా" అంటారు. ఉప్పు, ఊరగాయ తగ్గించి, తల కింద ఇంకో దిండు పెట్టుకుంటే కొంత నయం. పిక్కలు పట్టేయడం, విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు, నీరసం, రక్తం తగ్గడం కూడా ఉంటాయి. వీటిలో చాలావాటికి డాక్టరు దగ్గర ఉపాయం ఉంటుంది. చెప్పకుండా డోసు తగ్గించుకోవడం, రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం చేయకూడదు.

మందు కాగితం మీద గ్రేప్‌ఫ్రూట్ తినకూడదని ఉంటే మనవాళ్లు ద్రాక్ష మానేస్తారు. అది వేరు. గ్రేప్‌ఫ్రూట్ నారింజ జాతి పండు, మన దగ్గర దానికి దగ్గరి చుట్టం పంపరపనస. మానాల్సింది అది. ద్రాక్ష నిక్షేపంగా తినొచ్చు. జ్వరానికీ నొప్పికీ షాపులో అడిగి మాత్ర తెచ్చుకునే అలవాటు మానాలి, పారాసిటమాల్ కూడా అడిగే వేసుకోవాలి. పసరు మందులు, చూర్ణాలు ఈ మాత్రతో కలిస్తే కాలేయం మీద భారం పడొచ్చు, మందు బలం తగ్గొచ్చు లేదా పెరగొచ్చు. అభిమానంతో తెచ్చి ఇచ్చిన పెద్దమ్మతో "డాక్టరుగారిని అడిగి వాడతాం" అని తీసి లోపల పెట్టండి, గొడవ అక్కర్లేదు. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లు ఈ మందు మీద ఉండగా గర్భం రాకుండా చూసుకోవాలి.

వారానికోసారి ఒకే వేళకి బరువు చూసి రాయండి. వారంలో రెండు మూడు కిలోలు పెరిగితే నీరు పడుతోందని అర్థం. మలం తారులా నల్లగా వచ్చినా, రక్తం వాంతైనా, ఉన్నట్టుండి కడుపు తీవ్రంగా నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. ఆ రాత్రి కారు ఎవరిది, బండి నడిపేదెవరు అన్నది ముందే తేల్చుకోండి.

మాత్రల షీట్లు పదిహేను రోజులకి సరిపడా ఉండగానే తర్వాతి నెలవి తెప్పించాలి. ఊళ్లో మందుల షాపుల్లో ఇవి ఉండవు. పండగో వానో వస్తే కొరియర్ ఆగుతుంది.

5. ఇదే జబ్బు ఉన్న ఇంకొకరిని వెతకండి

చుట్టాలు ఎంతమంది ఉన్నా "నాక్కూడా పిక్కలు ఇలాగే పట్టేసేవి, ఆర్నెల్లకి తగ్గింది" అని చెప్పగలిగేవాళ్లు వాళ్లలో ఉండరు. ఆ మాట విన్నాక వచ్చే ధైర్యం వేరు.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఇమాటినిబ్‌ను సీఎంఎల్ అనే రక్త క్యాన్సరుకీ ఇస్తారు, ఆ రోగులు మనకంటే చాలా ఎక్కువ. ఓపీ బెంచీ మీద జిస్ట్ మనిషి దొరక్కపోయినా సీఎంఎల్ మనిషి దొరుకుతారు. మాత్ర ఎప్పుడు వేసుకుంటే వికారం ఉండదు, ఏ షాపులో చవక లాంటివి వాళ్లని అడగండి. జబ్బు ఎటు పోతుందన్నది మాత్రం వాళ్లతో పోల్చుకోవద్దు. వాళ్లకి రక్తపరీక్షలో తెలుస్తుంది, మనకి స్కానులో. రెండు జబ్బుల దారులు వేరు.

మన దేశంలో ఈ రెండు జబ్బులవాళ్లకీ కలిపి ఫ్రెండ్స్ ఆఫ్ మ్యాక్స్ అనే తోడ్పాటు బృందం ఉంది. సీఎంఎల్‌తో చనిపోయిన మ్యాక్స్ అనే కుర్రాడి పేరిట అతని కుటుంబం 1997లో అమెరికాలో పెట్టిన మ్యాక్స్ ఫౌండేషన్‌కి అనుబంధంగా నడుస్తుంది. రోగులూ ఇంటివాళ్లూ కలుసుకునే సమావేశాలు పెడతారు. జిస్ట్‌కి మాత్రమే పరిమితమైనది అమెరికాలోని లైఫ్ రాఫ్ట్ గ్రూప్. మ్యుటేషన్ల గురించి ఇంగ్లీషులో వివరంగా చదవాలనుకునే పిల్లలకి పనికొస్తుంది. ఏటా జులై 13ను జిస్ట్ అవగాహన దినంగా జరుపుతారు, ఆ రోజుల్లో డాక్టర్ల ఆన్‌లైన్ ముఖాముఖీలకి వీలుంటే హాజరవ్వండి.

బృందంలో చేరాక రోగి పేరు, ఆసుపత్రి నంబరు కనిపించే రిపోర్టు ఎక్కడా పెట్టొద్దు. ఇంకొకరి డోసు చూసి మన డోసు మార్చుకోవద్దు. మందులు అమ్మజూపేవాళ్లతో మాట కలపొద్దు. వేరేవాళ్లు చనిపోయిన కబుర్లు రోగిని కుంగదీస్తుంటే కొన్నాళ్లు ఆయన్ని తప్పించి ఇంటివాళ్లే గ్రూపులో ఉండండి.

6. డబ్బు సంగతి

గ్లీవెక్ అన్న పేరుతో ఈ మాత్ర వచ్చిన కొత్తలో నెలకి లక్షకు పైగా అయ్యేది. దాని పేటెంటు అర్జీని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టే మన దేశంలో జెనరిక్ ఇమాటినిబ్ దానిలో చిన్న వంతు ధరకి దొరుకుతోంది. కంపెనీని బట్టి ధర చాలా మారుతుంది. జన ఔషధి, అమృత్ ఫార్మసీల్లో కూడా అడిగి చూడండి. కంపెనీ మార్చే ముందు డాక్టరుకి చెప్పండి, ఆ తర్వాత మాటిమాటికీ మార్చకండి.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కార్డులున్నవాళ్లు ఆసుపత్రిలో చేరకముందే ఆరోగ్యమిత్ర కౌంటరుకి వెళ్లాలి. ముందు సొంత డబ్బు కట్టి తర్వాత వెనక్కి తెచ్చుకుందామంటే కుదరదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఏ పరీక్ష, ఏ మందు పథకంలోకి వస్తుందన్నది 104కి ఫోన్ చేసో, మిత్రనో అడిగి రాసుకోండి. కొరత పడితే ముఖ్యమంత్రి సహాయ నిధి ఉంది. ఈ తిరుగుడు మొత్తం ఒకరికే, ఆఫీసుల్లో ఓపిగ్గా నిలబడగలిగిన బాబాయికో బావమరిదికో అప్పజెప్పండి. చుట్టాలు డబ్బు ఇస్తామంటే మొదటి నెలలోనే తీసుకోకుండా, స్కాన్ల నెలల్లో ఇవ్వమని చెప్పొచ్చు. అలా చెప్పడానికి మొహమాటం అడ్డొస్తుంది, నిజమే. మందు ఏళ్ల తరబడి నడుస్తుందని చెబితే అర్థం చేసుకుంటారు.

7. స్కాను రోజులు, ఆ తర్వాత

మొదట్లో మూడు నుంచి ఆరు నెలలకోసారి సీటీ స్కాను ఉంటుంది. దానికి వారం ముందు నుంచే ఇంట్లో అందరికీ టెన్షన్. రిపోర్టు ఫోన్లోకి రాగానే తెరిచి, సెంటీమీటర్లు లెక్కేసి, రాత్రంతా గూగుల్లో వెతికే పని మానుకోండి. ఈ జబ్బులో ఒక వింత ఉంది: మాత్ర పనిచేస్తున్నప్పుడు కూడా మొదటి స్కాన్లలో గడ్డ కాస్త పెద్దదిగా కనిపించొచ్చు. లోపల కణాలు చచ్చి నీరు చేరుతుంది, గడ్డ చిక్కదనం తగ్గుతుంది. పాత సీడీతో పక్కపక్కన పెట్టి చూసే రేడియాలజిస్టుకే అది తెలుస్తుంది. కాబట్టి పాత సీడీలన్నీ వెంట తీసుకెళ్లాలి. వీలైతే ప్రతిసారీ ఒకే చోట స్కాను తీయించాలి. స్కానుకీ డాక్టరు అపాయింట్‌మెంటుకీ మధ్య రోజులు తక్కువ ఉండేలా చూసుకోవడం టెన్షన్‌కి అన్నిటికంటే మంచి మందు.

ఆపరేషన్ అయ్యాక తిరిగి వచ్చే ముప్పు ఎక్కువున్నవాళ్లకి కనీసం మూడేళ్లు మాత్ర వాడమంటారు. మూడేళ్లు నిండి మాత్ర ఆపిన రోజు ఇంట్లో పండగలా ఉంటుంది. కానీ జబ్బు తిరిగొస్తే ఎక్కువగా వచ్చేది ఆపిన తర్వాతి ఒకటి రెండేళ్లలోనే. సరిగ్గా అప్పుడే తోడున్నవాళ్లందరూ ఇక ఫర్వాలేదని వెళ్లిపోతారు. పనుల పట్టీలో స్కాను తోడు పేరు మాత్రం చెరపకండి.

దగ్గరుండి చూసుకునే మనిషికీ సెలవు కావాలి, తరచుగా అది భార్యో పెద్ద కోడలో అవుతుంది. నెలలో ఒకటి రెండు రోజులు ఆ బాధ్యత ఇంకొకరికి ఇచ్చి ఆమెని పుట్టింటికో గుడికో వెళ్లనివ్వండి. నిద్ర పట్టకపోయినా, ఊరికే ఏడుపు వస్తున్నా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

ఇమాటినిబ్ పనిచేయడం ఆగిందని చెబితే సునిటినిబ్, దాని తర్వాత రెగొరాఫెనిబ్, రిప్రెటినిబ్ ఉన్నాయి. మాత్ర రోజూ నిజంగా వేసుకుంటున్నారా అని డాక్టరు ముందు అడుగుతారు, దాచకుండా చెప్పండి. నొప్పి ఎక్కువైతే పాలియేటివ్ విభాగానికి పంపమని మీరే అడగండి. ఆ పేరు వినగానే ఆశ వదులుకున్నారని చాలామంది బెదిరిపోతారు. నొప్పి, వికారం, నిద్రలేమి తగ్గించే డాక్టర్లు వాళ్లు, మాత్ర నడుస్తుండగానే వాళ్ల దగ్గరికీ వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జేలో ఆ విభాగం ఉంది. ఇంట్లో చూసుకోవడం కష్టమైనప్పుడు చేర్చుకునే స్పర్శ్ హాస్పిస్ కూడా నగరంలోనే ఉంది, అక్కడ రోగి దగ్గర డబ్బు తీసుకోరు.